సురినామ్ పల్లీ సూప్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నెదర్లాండ్స్‌లో ఉన్న రోజుల్లో పక్కింటి పెద్దావిడ ఒక గిన్నెడు చిక్కటి సూప్ తెచ్చిచ్చారు. వాసన చూస్తే పల్లీలు. మూత తీస్తే బూడిదరంగు ఉండలు తేలుతున్నాయి, పక్కనే ఒక పసుపుపచ్చటి మిరపకాయ. మన పల్లీ చట్నీని పలచగా చేశారేమో అనుకుని నోట్లో పెట్టుకున్నా. చట్నీకి దీనికి పోలికే లేదు. ఆవిడది సురినామ్. ఆవిడ దగ్గర నేర్చుకుని, చాలాసార్లు పాడుచేసి, చివరికి ఒక దారికి వచ్చాను. ఇప్పుడు తెలిసినవాళ్ళకి వండి పెడితే వాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను.

ఈ సూప్ పేరేంటి? ఎవరి వంట?

డచ్ భాషలో ‘పిండాసూప్’. పిండా అంటే పల్లీ. తెలుగు చెవికి పిండిలాగో పిండంలాగో వినిపిస్తుంది గానీ ఇది ఆఫ్రికాలోని కాంగో ప్రాంతపు ‘మ్పిండా’ అనే మాట నుంచి వచ్చింది. బానిసలుగా ఓడల్లో తెచ్చిన మనుషులతో పాటు ఆ మాట కూడా అట్లాంటిక్ దాటింది. సురినామ్‌లో ఈ సూప్ ముఖ్యంగా క్రియోల్‌ల వంట, అంటే ఆఫ్రికా మూలాలున్న వాళ్ళది. పుట్టినరోజులకి, ఇంటికి నలుగురు వచ్చినప్పుడు పెద్ద గిన్నెతో చేస్తారు. ఇద్దరికోసం చేసే వంట కాదు.

సురినామ్ దక్షిణ అమెరికాలో ఉంది కదా, కరీబియన్ అంటారేం?

మ్యాపులో అది దక్షిణ అమెరికా ఉత్తరపు ఒడ్డున, గయానా పక్కన ఉంటుంది. కానీ చరిత్ర, భాష, తిండి, పండుగలు అన్నీ కరీబియన్ దీవులతో కలిసినవే. చెరకు తోటలు, బానిసత్వం, ఆ తర్వాత ఒప్పంద కూలీలు, ఇదంతా ఆ దీవుల కథే. కరీబియన్ దేశాల కూటమి కారికామ్‌లో సురినామ్ 1995లో చేరింది. రాజధాని పరమారిబో. అధికార భాష డచ్, బజార్లో అందరినీ కలిపే భాష స్రానన్. 1975 నవంబరు 25న స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజుల్లోనే చాలామంది నెదర్లాండ్స్‌కి వలస వెళ్ళారు. అందుకే ఈ సూప్ పరమారిబోలో ఎంత దొరుకుతుందో ఆమ్‌స్టర్‌డామ్, రాటర్‌డామ్ వీధుల్లోనూ అంత సులువుగా దొరుకుతుంది.

పల్లీతో సూప్ అనే ఆలోచన ఆఫ్రికాదా, అమెరికాదా?

రెండిటిదీ. పల్లీ పుట్టిల్లు దక్షిణ అమెరికా, ఇప్పటి బొలీవియా, ఉత్తర అర్జెంటీనా ఉన్న చోట. బొలీవియా వాళ్ళకి తమ సొంత పల్లీ సూప్ ఉంది, అది పచ్చి పల్లీలు రుబ్బి చేస్తారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు పల్లీని పశ్చిమ ఆఫ్రికాకి తీసుకెళ్ళాయి. అక్కడి వాళ్ళకి భూమిలో కాసే గింజ కొత్త కాదు, బంబారా పల్లీ అని వాళ్ళ సొంత పంట ఉంది. దాంతో చేసే వంటలన్నీ ఈ కొత్త గింజతోనూ చేసి చూశారు. ఘనాలో ఇప్పటికీ పల్లీ సూప్‌లో ఫుఫు, అంటే దుంపలో అరటికాయలో ఉడికించి దంచిన ముద్ద, వేసుకుని తింటారు. సెనెగల్, మాలీ వైపు మాఫే అంటారు. బానిసలుగా అమ్ముడుపోయిన ఆ మనుషుల చేతుల్లో పల్లీ మళ్ళీ అట్లాంటిక్ దాటి తన పుట్టింటి ఖండానికే వచ్చింది, ఈసారి సూప్‌గా. సురినామ్ సూప్‌లో వేసే అరటికాయ ఉండలు ఆ ఫుఫుకి చుట్టాలే.

మనకి కూడా పల్లీ అమెరికా నుంచి వచ్చిందే. అనంతపురంలో ఎవరితోనైనా అంటే నమ్మరు, తాతల నాటి పంట అంటారు. రాయలసీమలో శెనక్కాయలు, బుడ్డలు, తెలంగాణలో పల్లీలు, కోస్తాలో వేరుశనగ గుళ్ళు. ఇన్ని పేర్లు పెట్టుకున్నాక పరాయిది అనుకోవడం కష్టమే. ఇక్కడ నేను పల్లీ అనే రాస్తున్నాను, మా ఇంట్లో మాట అది.

సురినామ్‌లో మనవాళ్ళు ఉన్నారా? ఈ సూప్ వాళ్ళు తింటారా?

భారతీయ మూలాలున్న వాళ్ళు చాలామంది ఉన్నారు. 1863 జులై 1న అక్కడ బానిసత్వం రద్దయింది. ఆ రోజునే కేటి కోటి అని ఇప్పటికీ పండుగ చేస్తారు, సంకెళ్ళు తెగాయి అని అర్థం. విడుదలైన వాళ్ళని ఇంకో పదేళ్ళు ప్రభుత్వ నిఘాలో తోటల్లోనే పనిచేయించారు. ఆ గడువు అయిపోతుండగా 1873లో లల్లా రూఖ్ అనే ఓడ కలకత్తా నుంచి కూలీలతో పరమారిబోకి వచ్చింది. 1916 దాకా దాదాపు 34 వేలమంది అలా వెళ్ళారు. ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్ వైపు వాళ్ళు, మాట భోజ్‌పురికి దగ్గర. ఆ వైపుకి తెలుగువాళ్ళు, తమిళులు వెళ్ళింది ఎక్కువగా పక్కనున్న బ్రిటిష్ గయానాకి, ఫ్రెంచి వాళ్ళ గ్వాడెలూప్, మార్టినిక్‌లకి. కాబట్టి ఈ సూప్‌లో తెలుగు చెయ్యి ఉందని చెప్పుకోలేం.

తినడం అందరూ తింటారు. సురినామ్‌లో ఒకరి వంట ఇంకొకరి ఇంట్లో ఉడుకుతుంది. మా పక్కింటావిడ క్రియోల్, కానీ ఆవిడ చేసే రోటీ, ఆలూ కూర చూస్తే మీరు పాట్నా అనుకుంటారు.

ఏమేం కావాలి?

ఆరుగురికి నా కొలత ఇది. ఎముకతో ఉన్న కోడి మాంసం 750 గ్రాములు, నీళ్ళు 2 లీటర్లు, పల్లీ పేస్టు 250 గ్రాములు, పెద్ద ఉల్లిపాయలు రెండు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఆల్‌స్పైస్ గింజలు ఆరో ఏడో, సెలరీ ఆకులు ఒక గుప్పెడు, మదామ్ జానెట్ అనే వాసన మిరపకాయ ఒకటి, కాస్త నూనె, మిరియాలు, ఉప్పు. టామ్‌టామ్ అనే అరటికాయ ఉండలకి పచ్చి అరటికాయలు నాలుగు. అక్కడి వంటిళ్ళలో మ్యాగీ క్యూబ్ ఒకటి తప్పకుండా పడుతుంది, దాని మీద నాకు పట్టింపు లేదు.

సురినామ్‌లో కోడితో పాటు ఉప్పులో ఊరేసిన గొడ్డుమాంసం కూడా వేస్తారు. ఓడల్లో, తోటల్లో నిల్వ ఉండే తిండిగా మొదలైన అలవాటు అది. వాడేవాళ్ళు ముందు నీళ్ళలో నానబెట్టి, ఒకసారి ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి, లేకపోతే గిన్నె మొత్తం ఉప్పు కషాయం అవుతుంది. లేకుండా చేసినా సూప్‌కి లోటేమీ రాదు.

పల్లీ పేస్టు ఇంట్లో చేసుకోవాలా?

మన దేశంలో ఉంటే ఇంట్లో చేసుకున్నదే మేలు. పల్లీలు మన దగ్గర తాజాగా, చవకగా దొరుకుతాయి. మందపాటి మూకుడులో చిన్న మంట మీద, కదుపుతూనే పదీపన్నెండు నిమిషాలు వేయించండి. చట్నీకి వేయించే దానికన్నా ఒక మెట్టు ముందుకి వెళ్ళాలి. పొట్టు మీద మచ్చలు కాదు, లోపల గింజ లేత గోధుమరంగుకి రావాలి. నల్లబడితే మాత్రం పారేయండి, ఆ చేదు రెండు లీటర్ల సూప్‌లో కూడా దాక్కోదు. చల్లారాక గుడ్డలో వేసి నలిపి చాటలో చెరిగితే పొట్టు పోతుంది.

తర్వాత మిక్సీ. మొదట పొడి, తర్వాత తడి పొడి, తర్వాత గోడలకి అంటుకునే ముద్ద. ఇక్కడే చాలామంది ఓపిక అయిపోయి నీళ్ళు పోస్తారు. పోయకండి. ఆపుతూ, గరిటెతో దించుతూ, మిక్సీ వేడెక్కితే అయిదు నిమిషాలు వదిలేసి మళ్ళీ తిప్పండి. ఉన్నట్టుండి నూనె వదిలి జారుగా మారుతుంది, మంచి మిక్సీ అయినా పావుగంట పడుతుంది. మొదట పొడి అయినప్పుడే రెండు చెంచాలు తీసి పక్కన పెట్టుకోండి, వడ్డించేటప్పుడు పైన చల్లుకోవచ్చు. అది నా అలవాటు, అక్కడిది కాదు.

కొన్న పీనట్ బటర్ వాడొచ్చా?

డబ్బా వెనక చదవండి. పల్లీలు మాత్రమే, లేదా పల్లీలు, ఉప్పు అని ఉంటే నిక్షేపంగా వాడండి. చక్కెర, తేనె, పామాయిల్ ఉన్నది వద్దు. చక్కెర ఉన్న దానితో ఒకసారి చేశాను, పాయసానికీ పులుసుకీ మధ్య ఎక్కడో ఆగింది.

నెదర్లాండ్స్‌లో ఉన్నవాళ్ళయితే టోకోకి వెళ్ళండి. సురినామ్, ఇండోనేషియా సరుకులు అమ్మే దుకాణాల్ని అక్కడ టోకో అంటారు. మిరపకాయ కలిపిన సురినామ్ పల్లీ పేస్టు అక్కడ దొరుకుతుంది. అది వాడితే వేరే కారం తగ్గించుకోవాలి. డచ్ భాషలో పీనట్ బటర్‌ని ‘పిండాకాస్’ అంటారు, అంటే పల్లీ జున్ను. సురినామ్‌లో 18వ శతాబ్దంలోనే పల్లీల్ని దంచి గట్టి దిమ్మలా చేసి ముక్కలు కోసుకునేవారు, జున్నులాగే. ఆ పేరే ఇప్పుడు మెత్తటి పేస్టుకీ నిలిచిపోయింది.

ఆ పసుపుపచ్చటి మిరపకాయ ఏంటి? మన మిర్చి వేస్తే కుదరదా?

దాని పేరు మదామ్ జానెట్. చిన్న బెల్ పెప్పర్‌ని వంకరగా పిండినట్టు ఉంటుంది, పండితే పసుపుపచ్చ. హబనేరో, స్కాచ్ బానెట్‌ల జాతి. కారం మన గుంటూరు మిర్చికి ఎన్నో రెట్లు. కానీ సూప్‌లో అది కారం కోసం కాదు, వాసన కోసం. మామిడిపండుకీ ఆప్రికాట్‌కీ మధ్య ఒక పళ్ళ వాసన ఉంటుంది, మన మిర్చిలో అది లేదు.

కోయరు, చీరరు, గుచ్చరు. తొడిమతో సహా నిండుకాయని సూప్ మీద తేలేలా వేసి, మెల్లగా ఉడకనిచ్చి, మెత్తబడి పగిలేలోపు తీసేస్తారు. మా పక్కింటావిడ గరిటె తిప్పేటప్పుడు కాయని పసిపిల్ల తలలా తప్పించి తిప్పేది. నేను ఆ సంగతి మర్చిపోయి ఒకసారి గట్టిగా తిప్పాను. కాయ పగిలింది. ఆరుగురు అతిథులు, ఆరు గిన్నెలు, తిన్నది ఒక్కరే. ఆయనది గుంటూరు.

హైదరాబాద్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లలో ఒక్కోసారి హబనేరో దొరుకుతుంది, అది వేయండి. ఈశాన్య రాష్ట్రాల స్నేహితులు ఎవరైనా ఉంటే భూత్ జొలోకియా కూడా ఇదే తరహా వాసన ఇస్తుంది, కాకపోతే దాన్ని పది నిమిషాల్లో తీసేయాలి. ఏదీ దొరక్కపోతే రెండు పచ్చిమిర్చి చీరకుండా వేయండి. సూప్ బాగానే ఉంటుంది, ఆ వాసన ఒక్కటి ఉండదు.

ఆల్‌స్పైస్ అంటే గరం మసాలాయేనా?

కాదు. పేరు చూసి అందరూ అదే అనుకుంటారు. ఆల్‌స్పైస్ ఒకే చెట్టు కాయ, జమైకా వైపు చెట్టు. ఎండిన కాయ మిరియం కన్నా కాస్త పెద్దగా, నున్నగా ఉంటుంది. లవంగం, దాల్చిన చెక్క, జాజికాయ మూడూ కలిసిన వాసన. హైదరాబాద్ పచారీ దుకాణాల్లో కబాబ్ చీనీ అని అడిగితే ఒక్కోసారి ఇది ఇస్తారు, ఒక్కోసారి చలవ మిరియాలు ఇస్తారు. చలవ మిరియానికి తోక ఉంటుంది, దీనికి ఉండదు. దొరక్కపోతే మూడు లవంగాలు, గోరంత దాల్చిన చెక్క, చిటికెడు జాజికాయ పొడి. గరం మసాలా పొడి వేస్తే మాత్రం అది వేరే వంట అయిపోతుంది.

అసలు వండేదెలా?

పెద్ద మందపాటి గిన్నెలో నూనె వేసి ఉల్లిపాయ ముక్కలు, వెల్లుల్లి మెత్తబడేదాకా వేయించండి, ఎర్రబడనక్కర్లేదు. కోడి ముక్కలు వేసి రెండువైపులా రంగు మారాక నీళ్ళు, ఆల్‌స్పైస్, కొంచెం ఉప్పు, సెలరీ కాడలు ఉంటే కాడలు. పొంగు వచ్చాక పైన తేలే నురగ తీసేసి, మంట తగ్గించి, 40 నిమిషాలు. నాటుకోడి అయితే గంట పైనే. మాంసం ఎముక నుంచి ఊడొచ్చే దాకా ఉడికాక ముక్కలు బయటికి తీసి, ఎముకలు పారేసి, మాంసాన్ని వేళ్ళతో విడదీసి పక్కన పెట్టండి. రసాన్ని వడగట్టి మళ్ళీ అదే గిన్నెలో పోయండి.

ఇప్పుడు పల్లీ పేస్టు. దీన్ని నేరుగా గిన్నెలో వేయకండి. వేరే గిన్నెలో పేస్టు తీసుకుని, రసం ఒక గరిటె పోసి కలపండి. అది గట్టిపడి, పాడైపోయిందేమో అనిపించేలా ముద్దకడుతుంది. టెన్షన్ పడొద్దు. ఇంకో గరిటె, ఇంకో గరిటె. నాలుగో గరిటెకి మజ్జిగలా జారుగా అవుతుంది. అప్పుడు దాన్ని రసంలో పోసి కలిపి, మిరపకాయ నిండుగా వేసి, సన్నమంట మీద 25 నుంచి 30 నిమిషాలు. అడుగంటే గుణం దీనికి చాలా ఎక్కువ, రెండు మూడు నిమిషాలకోసారి అడుగు తాకేలా తిప్పాలి. గిన్నె దగ్గర నుంచి ఫోన్ మాట్లాడటానికి వెళ్ళే వంట కాదిది.

చివర్లో మిరపకాయ తీసేసి, మాంసం మళ్ళీ వేసి, సెలరీ ఆకులు సన్నగా తరిగి చల్లి, ఉప్పు అప్పుడే సరిచూడండి. ముందే సరిచూస్తే తర్వాత రసం తగ్గి ఉప్పెక్కుతుంది.

పేస్టు అలా ఎందుకు గట్టిపడుతుంది?

పల్లీ పేస్టు అంటే నూనెలో తేలుతున్న సన్నటి పొడి. కొద్దిగా నీళ్ళు తగలగానే ఆ పొడిలోని మాంసకృత్తులు, పిండిపదార్థం నీటిని పీల్చుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి. ఇంకా నీళ్ళు పోస్తే విడిపోయి కలిసిపోతాయి. నువ్వుల పేస్టు కూడా ఇంతే చేస్తుంది. బగారా బైంగన్ చేసేవాళ్ళకి ఇది తెలిసిన సంగతే.

పైన నూనె తేలింది. విరిగిపోయిందా?

అయిపోయిందని అర్థం. పల్లీల్లో దాదాపు సగం బరువు నూనే. సన్నమంట మీద అరగంట ఉడికితే అందులో కొంత పైకి వచ్చి ఎర్రటి చుక్కలుగా మెరుస్తుంది. మా పక్కింటావిడ గడియారం చూసేది కాదు, ఆ చుక్కలు చూసేది. సాలన్‌లో నూనె పైకి తేలితేనే దించే మనకి ఈ గుర్తు కొత్తేం కాదు. మరీ ఎక్కువ అనిపిస్తే చెంచాతో తీసేయొచ్చు.

కుక్కర్‌లో పెట్టొచ్చా?

కోడి వరకు పెట్టొచ్చు, నాలుగు కూతలు చాలు. పల్లీ పేస్టు కలిపాక మాత్రం మూత పెట్టి వెయిట్ పెట్టకండి. చిక్కగా పొంగి ఆవిరి దారికి అడ్డం పడుతుంది, అడుగు మాడుతుంది, మీరు తిప్పలేరు. ఇది పద్ధతి కోసం చెప్పే మాట కాదు, ప్రమాదం.

టామ్‌టామ్ అంటే ఏంటి? ఎలా చేయాలి?

పచ్చి అరటికాయల్ని ఉడికించి దంచి చేసే ఉండలు. రోట్లో రోకలి పడే చప్పుడు వల్ల ఆ పేరు వచ్చిందంటారు. ఈ సూప్‌కి అసలు అందం ఇవే, వీటిని వదిలేసి సూప్ ఒక్కటే చేస్తే సగం వంట చేసినట్టు.

కాయల కొసలు కోసి, తొక్కతోనే నిలువుగా ఒక గాటు పెట్టి, ఉప్పు నీళ్ళలో 20 నుంచి 25 నిమిషాలు ఉడికించండి. చాకు సులువుగా దిగాలి. వేడి మీదే తొక్క తీసి, నడిమి గట్టి ఈనె ఏదైనా ఉంటే లాగేసి, వెంటనే దంచాలి. చల్లారితే గింజలు గింజలుగా ఉండిపోతుంది, ఎంత దంచినా కలవదు. రోలూ రోకలీ ఉంటే బయటికి తీయండి, దీనికి మించిన సందర్భం రాదు. రోకలిని మధ్యమధ్య నీళ్ళలో ముంచుతూ దంచితే అంటుకోదు. ముందు ముక్కలు, తర్వాత పిండి, ఆ తర్వాత ఒక్కసారిగా సాగే ముద్ద. సాగడం మొదలైందంటే అయినట్టే. రాగి సంకటి గెలికే చేతికి ఆ క్షణం తెలిసిపోతుంది. తడిచేత్తో నిమ్మకాయంత ఉండలు చేసి, తడిగుడ్డ కప్పి ఉంచండి.

రోలు లేకపోతే ఫుడ్ ప్రాసెసర్‌లో కొద్దికొద్దిగా తిప్పొచ్చు. మిక్సీ చిన్న జార్‌లో వేస్తే ఒకచోట జిగురు, ఒకచోట ముక్కలు. నా అనుభవంలో మిక్సీ కన్నా పప్పుగుత్తి, ఆ తర్వాత చేత్తో పిసకడం నయం.

ఉండల్ని సూప్‌లో వేసి ఉడికించకండి, విడిపోతాయి. గిన్నెలో మూడు ఉండలు పెట్టి మీద వేడి సూప్ పోయాలి. తినేటప్పుడు చెంచాతో ఉండని కొంచెం కొంచెం తుంచుకుంటూ, సూప్‌తో పాటు మింగాలి.

మన కూర అరటికాయ సరిపోతుందా?

సరిపోతుంది. సురినామ్‌లో వాడేది పొడుగ్గా కొమ్ములా ఉండే రకం, దానికి దగ్గరగా మనకి దొరికేది కేరళ నేంద్రం. మన బొంత అరటి కాస్త తేమగా, మెత్తగా ఉంటుంది, అందుకే తక్కువ సేపు ఉడికించాలి. రంగు బూడిద వర్ణానికి తిరుగుతుంది, అది సహజం. కాయ పూర్తిగా పచ్చిది కావాలి. తొక్క మీద పసుపు చార కనిపిస్తే ఉండ తియ్యగా, జారుగా అవుతుంది. కొందరు కావాలనే ఒక దోరకాయ కలుపుతారు, ఆ తీపి ఇష్టమైతే మీ ఇష్టం.

పోపు పెట్టొచ్చా?

ఈ ప్రశ్న అడగని తెలుగువాళ్ళు లేరు. వద్దు. ఆవాలు, కరివేపాకు, ఇంగువ పడగానే అది పల్లీ చారు అవుతుంది. పల్లీ చారు మంచిదే, కానీ దానికి ఇంత శ్రమ ఎందుకు? ఈ సూప్ రుచి మూడింటి మీద నిలబడుతుంది: బాగా వేగిన పల్లీ, పగలని మిరపకాయ వాసన, వెనకనుంచి వచ్చే ఆల్‌స్పైస్. వీటిలో ఏదీ గట్టిగా అరిచేది కాదు. మన పోపు అరుస్తుంది. మొదటిసారి ఉన్నదున్నట్టు చేసి తినండి. రెండోసారి మీ వంటిల్లు, మీ ఇష్టం.

చింతపండు? కొబ్బరి పాలు? టమాటా? పసుపు?

చింతపండు వద్దు. కొబ్బరి పాలు కూడా వద్దు, పల్లీ మీద ఇంకో నూనె అవుతుంది. టమాటా పేస్టు ఒక చెంచా వేసేవాళ్ళు ఉన్నారు. పసుపు అక్కర్లేదు.

మాంసం తినం. శాకాహారంగా చేస్తే బాగుంటుందా?

బాగుంటుంది, కాకపోతే కోడి రసం చేసే పని ఇంకేదో చేయాలి. ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ, ఒక పిడికెడు పుట్టగొడుగులు, ఆల్‌స్పైస్ వేసి 40 నిమిషాలు మరిగించి వడగట్టిన నీళ్ళతో చేయండి. పుట్టగొడుగులు కూడా తినకపోతే ఉల్లిపాయని ఎర్రగా మాడే ముందు దాకా వేయించండి, ఆ లోతు కొంత వస్తుంది. ముక్కలుగా గుమ్మడి, బంగాళాదుంప, పొడుగు అలసంద కాయలు. ఈ పొడుగు అలసందలు సురినామ్ వంటిళ్ళలో రోజువారీ కూర, కౌసెబాంద్ అంటారు, కాబట్టి పరాయిదేదో కలిపినట్టు కాదు. పేస్టు 50 గ్రాములు ఎక్కువ వేయండి.

అన్నంలో కలుపుకోవచ్చా?

మా ఇంట్లో మావారు అదే చేస్తారు. పక్కింటావిడ చూసి నవ్వింది గానీ వద్దనలేదు. సురినామ్‌లో కూడా టామ్‌టామ్ లేని రోజు అన్నంతో తింటారు.

చేదుగా వచ్చింది. ఎందుకు?

ఎక్కువసార్లు పల్లీలు మాడటం వల్లే. పొట్టు సరిగ్గా తీయకపోయినా కాస్త వగరు వస్తుంది. మూడో కారణం ముఖ్యమైంది: పాత పల్లీలు. ముడతలు పడినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి వేయించే ముందే ఏరి పారేయండి. పల్లీల మీద పెరిగే ఒక బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, అది కాలేయానికి చెరుపు, వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. కిలోలో పది గింజలు పారేస్తే నష్టం లేదు.

పిల్లలకి పెట్టొచ్చా?

పల్లీ పడేవాళ్ళకి పెట్టొచ్చు, మిరపకాయ వేయకముందే వాళ్ళ వంతు తీసేయండి. చిన్నపిల్లలకి టామ్‌టామ్ ఉండని నిండుగా ఇవ్వకండి, గొంతులో అడ్డం పడుతుంది, చిదిమి కలపాలి. అతిథుల విషయంలో వడ్డించే ముందే ‘ఇందులో పల్లీలున్నాయి’ అని చెప్పండి. పల్లీ అలర్జీ ఉన్నవాళ్ళకి ఒక్క చెంచా కూడా ప్రాణం మీదికి తెస్తుంది, సూప్ చూస్తే లోపల పల్లీ ఉందని తెలీదు. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఇది అస్సలు మరవకూడదు.

లావైపోతామా?

వంద గ్రాముల పల్లీల్లో సుమారు 570 కేలరీలు, 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 250 గ్రాముల పేస్టు ఆరుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి పల్లీ నుంచే 240 కేలరీలు. దాని మీద కోడి, అరటికాయ. అంటే ఇది భోజనానికి ముందు తాగే సూప్ కాదు, ఇదే భోజనం. దీని తర్వాత బిర్యానీ పెట్టుకుంటే తప్పు సూప్‌ది కాదు.

మిగిలితే ఎన్నాళ్ళు ఉంటుంది?

ఫ్రిజ్‌లో మూడు రోజులు. మర్నాటికి ఇడ్లీ పిండంత చిక్కబడుతుంది, వేడినీళ్ళు పోసి సన్నమంట మీద తిప్పుతూ వేడిచేయండి. మైక్రోవేవ్‌లో పెడితే మూత పెట్టండి, చిటచిటమని ఎగిరి గోడలకి అంటుతుంది. టామ్‌టామ్ మాత్రం ఫ్రిజ్‌లో రాయి అవుతుంది. ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టిస్తే కొంత మెత్తబడుతుంది, కానీ మొదటి రోజు సాగుడు తిరిగి రాదు. అందుకే సూప్ ఎక్కువ చేసినా ఉండలు ఆ పూటకి సరిపడా చేసి, మిగతా అరటికాయలు పచ్చివే ఉంచుకుని మర్నాడు దంచుకుంటాను. పక్కింటావిడ అయితే మిగిలిన ఉండల్ని చపటాగా నొక్కి, పెనం మీద నూనె వేసి ఎర్రగా కాల్చేది. సూప్ అయిపోయినా వాటికోసం మళ్ళీ గిన్నె పట్టుకుని వెళ్ళేవాళ్ళం.